తక్కువ ధరలో రెండో రివాల్వర్: కొనే ముందు ఏం చూడాలి

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి రావడం మొదలైందంటే నాకు ఫోన్లు కూడా మొదలవుతాయి. "సార్, ఇంట్ల డబుల్ బ్యారల్ ఉంది గని దాన్ని కార్ల ఎట్ల పెట్టుకుంట? సస్తాల మంచి చిన్నది ఏమన్న ఉంటే చెప్పుండ్రి." అడిగేవాళ్లలో అడ్తిదారులుంటారు, గ్రానైట్ క్వారీలు నడిపేవాళ్లుంటారు, పరకాల, నర్సంపేట వైపు పెట్రోల్ బంకు ఓనర్లుంటారు. నేను పోలీసు శాఖలో ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యాను. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే పోలీసుల ఆయుధాల గదిలో, తుపాకులు విప్పడం, తుడవడం, బిగించడం తప్ప వేరే పని చేయలేదు. అమ్మకాలతో, కమీషన్లతో నాకు సంబంధం లేదు. అందుకే ఉన్నది ఉన్నట్టు నిర్మొహమాటంగా చెప్పగలను.

ముందు లెక్క తేల్చుకోండి. ఒకప్పుడు ఒక లైసెన్స్‌దారు మూడు ఆయుధాలు పెట్టుకోవచ్చు. 2019 డిసెంబర్‌లో ఆయుధాల చట్టాన్ని సవరించి దాన్ని రెండుకు తగ్గించారు. వారసత్వంగా వచ్చిన తాత తుపాకీ కూడా ఆ రెండులోనే లెక్క. ఇంట్లో ఇప్పటికే ఒక 12 బోర్ డబుల్ బ్యారల్, ఒక రైఫిల్ ఉంటే మూడోదాని మాట ఎత్తకండి. ఏదో ఒకటి అమ్మాలి, లేదా సరెండర్ చేయాలి. అదే సవరణతో లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. అదొక్కటే మనకు దొరికిన ఊరట. కమిషనరేట్ పరిధిలో ఉన్నవాళ్లకు పోలీస్ కమిషనర్, మిగతా జిల్లాల్లో కలెక్టర్ లైసెన్స్ ఇస్తారు. రెండో ఆయుధానికి కూడా మళ్లీ కారణం చూపించాలి, మళ్లీ పోలీసు ఎంక్వయిరీ ఉంటుంది. మొదటిది ఉంది కదా, రెండోది దానంతట అదే వస్తుంది అనుకోవద్దు.

ఇంకో మాట. ఎలక్షన్ కోడ్ వస్తే స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది. మినహాయింపు దొరకనివాళ్లు రెండూ తీసుకెళ్లి డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకోవాల్సిందే. 2023 నవంబర్‌లో అసెంబ్లీ, 2024 మేలో పార్లమెంటు ఎన్నికలు వచ్చి చాలామంది ఆరు నెలల్లో రెండుసార్లు స్టేషన్ మెట్లెక్కారు. కాబట్టి రెండోది ఉంటే ఎప్పుడూ చేతిలో ఒకటి ఉంటుందన్న ధీమా పెట్టుకోకండి. రెండోదాని అసలు ఉపయోగం వేరే. మొదటిది రిపేరుకు పోయినప్పుడు, లేదా మొదటిది వెంట తీసుకెళ్లడానికి కుదరని చోట పనికొస్తుంది.

ఇక ఏ బోర్, అంటే గొట్టం లోపలి కొలత ఎంత, అన్న ప్రశ్న. సినిమాలు చూసి వచ్చిన కుర్రవాళ్లు గ్లాక్ అంటారు, 9 ఎంఎం అంటారు. అది ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషేధించిన కొలత. మామూలు పౌరుడి లైసెన్స్‌తో రాదు. మనకు అందుబాటులో ఉండేది నాన్ ప్రొహిబిటెడ్ బోర్. చిన్న ఆయుధాల్లో ఆచరణలో అది పాయింట్ 32, పాయింట్ 22. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పాయింట్ 32 అన్న పేరుతో రెండు రకాల తూటాలున్నాయి. రివాల్వర్‌ది పొడుగ్గా ఉంటుంది, అడుగున అంచు బయటికి వచ్చి ఉంటుంది. పిస్టల్‌ది పొట్టిగా ఉంటుంది, దాన్నే 7.65 అని కూడా అంటారు. ఒకదానిలో ఒకటి వాడే వస్తువులు కావు. పిస్టల్ తూటా రివాల్వర్ చాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే గదిలోకి, దూరిపోయినట్టే కనిపిస్తుంది, అదే ప్రమాదం. లైసెన్స్‌లో రివాల్వర్ అని ఉందా, పిస్టల్ అని ఉందా చూసి దానికి తగ్గ తూటానే తీసుకోండి.

నా సలహా అంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది. మీ మొదటిది పాయింట్ 32 రివాల్వర్ అయితే రెండోదీ అదే తూటా తీసుకునే రివాల్వర్ కావాలి. పిస్టల్ అయితే పిస్టలే. పైసలు మిగిలేది తుపాకీ ధరలో కాదు, తూటాల దగ్గర, రిపేర్ల దగ్గర. తూటాలు లైసెన్స్‌లో రాసిన పరిమితికి మించి కొనలేరు. ఆ కొన్నింటినీ రెండు రకాలుగా చీల్చుకుంటే దేనికీ సరిపోవు, ప్రాక్టీసుకు అసలే మిగలవు. అలవాటు సంగతీ ఉంది. ఒకదానికి సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) ఉండి ఇంకోదానికి లేకపోతే టెన్షన్‌లో బొటనవేలు లేని సేఫ్టీ కోసం వెతుకుతుంది. మొదటిది 12 బోర్ అయినవాళ్లకు ఈ చిక్కు లేదు. వాళ్లకు నేను కళ్లు మూసుకుని రివాల్వర్ అనే చెబుతాను.

రివాల్వరే ఎందుకంటే, అది ఏళ్ల తరబడి బీరువాలో పడున్నా తీసిన రోజు పని చేస్తుంది. తూటా పేలకపోతే ట్రిగర్ మళ్లీ నొక్కండి, సిలిండర్ (తూటాలుండే చక్రం) తిరిగి తర్వాతి తూటా ముందుకొస్తుంది. పిస్టల్‌లో అయితే స్లయిడ్ (పైన ముందుకు వెనక్కి కదిలే భాగం) లాగాలి, చెడ్డ తూటా బయట పడాలి, కొత్తది ఎక్కాలి. రోజూ ప్రాక్టీస్ చేసే కానిస్టేబుల్‌కు అది చిటికెలో పని. ఎప్పుడో రెన్యువల్ కాగితాల కోసం మాత్రమే ఆయుధం బయటికి తీసే అడ్తిదారుకు కాదు. రెండో ఆయుధం అంటేనే తక్కువ వాడేది, తక్కువ పట్టించుకునేది. అందుకే పట్టించుకోకపోయినా అలగనిది కావాలి.

కొత్తది కొనేవాళ్లకు దారి సూటిగా ఉంది. కాన్పూర్‌లో తయారయ్యే సర్కారీ పాయింట్ 32 రివాల్వర్ మన దగ్గర ఎక్కువమంది చేతుల్లో ఉన్నది. పాత ఇంగ్లండ్ కంపెనీ వెబ్లీ పద్ధతిలో నడుమ విరిచి తూటాలు నింపే రకం, ఆరు తూటాలు పడతాయి. చూడటానికి ముతకగా ఉంటుంది, ట్రిగర్ బరువు. కానీ స్ప్రింగు, పిన్ను లాంటి విడిభాగాలు దొరుకుతాయి, చేయి పెట్టి బాగుచేయగల లైసెన్స్ ఉన్న మిస్త్రీలూ ఉన్నారు. 2014లో అదే కాన్పూర్ నుంచి నిర్భీక్ వచ్చింది. టైటానియం కలిసిన ఒళ్లు, బరువు అర కిలో, ధర అప్పట్లోనే లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు. ఆడవాళ్ల కోసమని ప్రచారం చేశారు. తేలిక మంచిదే, కానీ తేలికదాన్ని కాల్చితే చేతికి తన్ను ఎక్కువ తగులుతుంది. 2023 ఆగస్టులో ప్రబల్ విడుదలైంది. ఇది నడుమ విరవదు, సిలిండరే పక్కకు తెరుచుకుంటుంది. ఖాళీ లేకుండా బిగువుగా ఉండటానికి ఆ పద్ధతి మేలు. విరిచే రకంలో కాలం గడిచే కొద్దీ కీలు వదులవుతుంది, దీనిలో ఆ కీలే లేదు. ధర లక్షన్నరకు దగ్గరగా పలికింది. రెండోదానికి అంత పెట్టాలా అన్నది మీ జేబు చెప్పాలి.

బెంగాల్‌లోని ఇషాపూర్ సర్కారీ ఫ్యాక్టరీ నిడర్ అని పాయింట్ 22లో బుల్లి రివాల్వర్ చేసింది. పావు కిలో బరువు, ధర కూడా మిగతావాటికంటే బాగా తక్కువ. సస్తా అనగానే అందరూ దాని వైపే చూస్తారు. నేను వద్దంటాను. పాయింట్ 22 తూటాకు దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే మందు అంచులో ఉంటుంది, నడిమధ్యలో ప్రైమర్ (ఆ మందు ఉండే చిన్న మూత) ఉండదు. అంచు మొత్తం మందు సమంగా పరుచుకోకపోతే దెబ్బ తగిలిన చోట మందు లేక తూటా పేలదు. నడిమధ్య ప్రైమర్ ఉన్న తూటాలతో పోలిస్తే దానిలో ఈ మొరాయింపు ఎక్కువ. నేర్చుకోవడానికి, గురి పెట్టడం అలవాటు చేసుకోవడానికి భేషుగ్గా ఉంటుంది. నమ్మి ఇంట్లో పెట్టుకోవడానికి మాత్రం నా ఓటు పడదు.

ఏది కొన్నా బిల్లు మీద పన్ను చూసి గుండె గుభేలుమంటుంది. రివాల్వర్లు, పిస్టళ్ల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్‌లో 40 శాతానికి పోయింది. ఫ్యాక్టరీ ధర చూసి బడ్జెట్ వేసుకున్నవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. దీనికి తోడు తాళం వేసే ఇనుప పెట్టె, సేఫ్టీ ట్రైనింగ్ సర్టిఫికెట్, తూటాల ఖర్చు. అన్నీ కలిపి లెక్కేసుకోండి.

అందుకే చాలామంది పాతది వెతుకుతారు. ఇక్కడ మన ప్రాంతానికి ప్రత్యేకమైన కథ ఒకటుంది. ఎనభై, తొంభైలలో నక్సలైట్ల భయంతో మన జిల్లాల్లో ఎంతోమంది దొరలు, పటేండ్లు తుపాకులు పోలీసు స్టేషన్లలో డిపాజిట్ చేసి హైదరాబాద్ వెళ్లిపోయారు. ఏళ్లు గడిచి వారసులు వాటిని విడిపించుకున్నారు. కొన్ని ఇప్పుడు అమ్మకానికి వస్తున్నాయి. వీటిలో విదేశీ పిస్టళ్లు, వెబ్లీలు ఉంటాయి. ఎనభైల నడుమ నుంచి మామూలు మనుషులకు దిగుమతులు ఆగిపోయాయి కాబట్టి వాటి మీద పేరును బట్టి లక్షల్లో ధర పలుకుతుంది. పేరు చూసి ఎగబడకండి. బ్యారల్ మీద ఇంగ్లండ్ అని చెక్కి ఉన్నంత మాత్రాన లోపల స్ప్రింగు కొత్తది కాదు. చెడిపోతే దానికి పార్టు ఎక్కడా దొరకదు, మిస్త్రీ ఆకురాయి పట్టి చెక్కి ఇవ్వాల్సిందే. రెండోదానికి పాతది కొంటే పాత సర్కారీ రివాల్వరే కొనండి.

కొనేది పాతదైతే మీరే పది నిమిషాలు చేతిలో పట్టుకుని చూడాలి. ఇంట్లో, పగటి వెలుతురులో, తూటాలు వేరే గదిలో పెట్టించి. అమ్మేవాడు ఖాళీ అని చెప్పినా మీరు తెరవండి, ఆరు చాంబర్లూ కంటితో చూడండి, చూశాక వేలు పెట్టి తడమండి. సిగ్గు పడాల్సిన పని కాదు, బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో డీఎస్పీ చేతి నుంచి తీసుకున్నా మేం ఇదే చేసేవాళ్లం.

ముందు బ్యారల్. తెరిచి పట్టుకుని వెనక వైపు తెల్ల కాగితం ముక్క పెట్టి, వెలుతురు దాని మీద పడేలా చేసి ముందు నుంచి చూడండి. లోపల మెలికలు తిరిగిన గాడులు పదునుగా, మెరుస్తూ కనబడాలి. నల్లటి చుక్కలు కొద్దిగా ఉంటే బేరమాడొచ్చు. ఎక్కడైనా ఒక నల్లటి ఉంగరం లాంటి నీడ కనిపిస్తే బేరం వద్దు, నమస్కారం పెట్టి లేవండి. ఎప్పుడో ఒక తూటా లోపల ఇరుక్కుని, దాని వెనక ఇంకొకటి కాల్చితే బ్యారల్ ఉబ్బి అలా అవుతుంది. బయటి నుంచి చేత్తో తడిమితే ఉబ్బు తెలుస్తుంది కూడా.

తర్వాత సిలిండర్. తెరిచినప్పుడు కాదు, మూసి పెట్టి చూడాలి. హ్యామర్‌ను, అంటే వెనకవైపు సుత్తిలా ఉండే భాగాన్ని, బొటనవేలితో మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి లాగండి. హ్యామర్ చివరిదాకా వచ్చి ఆగే లోపే సిలిండర్ టక్కుమని తన చోట కూర్చోవాలి. హ్యామర్ ఆగిపోయాక కూడా సిలిండర్ ఇంకా కొంచెం తిరగాల్సి ఉంటే చాంబర్ బ్యారల్‌కు సూటిగా లేదన్నమాట. కాల్చినప్పుడు సీసం ఒక పక్క గీరుకుని ముక్కలు బయటికి చిమ్ముతాయి, పక్కనున్నవాడి మొహం మీద పడతాయి. ఇది ఆరు చాంబర్లకూ విడివిడిగా చూడండి. ఐదు బాగుండి ఆరోది తేడా ఉండటం నేను చాలాసార్లు చూశాను. అమ్మేవాడు చూపించేది ఎప్పుడూ ఆ ఐదే.

హ్యామర్ వెనక్కి నిలిపి ఉన్నప్పుడు ట్రిగర్ ముట్టుకోకుండా బొటనవేలితో హ్యామర్‌ను ముందుకు నెట్టండి. గట్టిగానే నెట్టండి. జారి పడిందంటే లోపల గంటు అరిగిపోయింది. అది చేతిలో పెట్టుకునే వస్తువు కాదు. ట్రిగర్ మెత్తగా ఉండాలని ఎవరో మిస్త్రీ లోపల రాకిన తుపాకీలే ఎక్కువగా ఇలా జారతాయి. "ట్రిగర్ ఎంత స్మూత్ ఉందో చూడుండ్రి సార్" అని అమ్మేవాడు గొప్పగా చెబితే అక్కడ ఇంకాస్త జాగ్రత్తగా ఉండండి. సర్కారీ రివాల్వర్ ట్రిగర్ స్మూత్‌గా ఉండదు, ఉండకూడదు కూడా.

విరిచే రకంలో కీలు ముఖ్యం. ఒక చేత్తో పిడి, ఇంకో చేత్తో బ్యారల్ పట్టుకుని పైకి కిందికి, పక్కలకు కదపండి. కొద్దిపాటి ఆట పరవాలేదు. టకటకమని చప్పుడు చేస్తే కీలు, పైన పట్టే కొక్కెం రెండూ వదులైనట్టే. మూసి వెలుతురుకు పట్టి చూసినప్పుడు కొక్కెం దగ్గర సందు కనబడినా అంతే.

తూటా ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ మొన గుండ్రంగా, నున్నగా ఉండాలి. సూదిలా పదునుగా ఉంటే ప్రైమర్ చిరిగి వేడి గాలి వెనక్కి తన్నుతుంది. మొన చిన్నదైపోయి ఉంటే తూటా పేలదు. పిన్ను బయటికి వచ్చే చిల్లు చుట్టూ లోహం తిని ఉంటే, పాత కాలపు చెడ్డ తూటాలు ఎక్కువ కాల్చారని అర్థం.

ఇంక రంగు. అరవై ఏళ్ల తుపాకీ కొత్త పెళ్లికొడుకులా నల్లగా నిగనిగలాడుతుంటే అనుమానించండి. తుప్పు గుంటల మీద కొత్తగా నలుపు ఎక్కించి ఉంటారు. గుంటల అంచులు వెలుతురులో అడ్డంగా చూస్తే తెలిసిపోతాయి. స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉంటే ఎవరో సరైన స్క్రూడ్రైవర్ లేకుండా విప్పారు. డిపాజిట్‌లో ఏళ్ల తరబడి పడి ఉన్నవాటికి ఇంకో జబ్బు ఉంటుంది. బయట బాగానే కనబడుతుంది, పిడికి ఉన్న చెక్క పలకలు విప్పితే కింద ఎర్రటి తుప్పు. వానాకాలంలో మాల్ఖానా (స్టేషన్‌లో సొత్తు దాచే గది) గోడలు చెమ్మ కారుతుంటాయి కదా, ఆ చెమ్మ చెక్క కిందకు చేరి అక్కడే కూర్చుంటుంది. పలకలు విప్పి చూపించమనండి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో మీకే అర్థమవుతుంది.

పిస్టల్ కొనేవాళ్లకు ఒకటే మాట. ముందు మ్యాగజైన్ (తూటాలు నింపి పిడిలోకి తోసే డబ్బా) చూడండి, పిస్టల్ తర్వాత. పిస్టల్ మొరాయింపుల్లో ఎక్కువ భాగం మ్యాగజైన్ పెదవులు వంగడం వల్ల, స్ప్రింగు చచ్చిపోవడం వల్ల వచ్చేవే. ఒరిజినల్ మ్యాగజైన్ రెండోది ఉంటే ఆ పిస్టల్‌కు ధర కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

బేరం కుదిరిందని చేతులు కలిపి సంచిలో పెట్టుకుని రాకండి. ఒక లైసెన్స్‌దారు ఇంకో లైసెన్స్‌దారుకు అమ్మాలంటే కనీసం 45 రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా తెలపాలని చట్టంలోనే ఉంది. తుపాకీ మీద నంబరు, అమ్మేవాడి లైసెన్స్‌లోని నంబరు అక్షరం అక్షరం సరిపోవాలి. ఒక్క అంకె తేడా ఉన్నా "రాసేటప్పుడు తప్పు పడ్డది సార్" అన్న మాట నమ్మకండి. ముందు అమ్మేవాడినే వెళ్లి సరిచేయించుకుని రమ్మనండి. కొన్నాక మీ లైసెన్స్‌లో ఎంట్రీ వేయించుకునేదాకా పని పూర్తి కాలేదు.

తండ్రి దగ్గర ఉన్నది కొడుక్కు వచ్చే దారి ఇంకా చౌక. లైసెన్స్‌దారుకు 70 ఏళ్లు దాటితే ఆయన బతికుండగానే వారసుడి పేరు మీదకు మార్చమని అర్జీ పెట్టుకోవచ్చు. వరంగల్ చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఈ సంగతి తెలియక ముసలాయన పోయాక కాగితాల కోసం తిరుగుతుంటారు.

నాటు తపంచా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సస్తా అన్న మాట విని ఎవడో ఒకడు చెవిలో ఊదుతాడు. దాని బ్యారల్ మామూలు నీళ్ల పైపు లాంటి ఇనుము, దానికి ఒత్తిడి పరీక్ష ఉండదు. ముందుకు పేలుతుందో చేతిలో పేలుతుందో చేసినవాడికే తెలియదు. దొరికితే రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్లదాకా జైలు. మీకున్న మంచి లైసెన్స్ కూడా దానితోపాటే పోతుంది. అలాగే మంచి తుపాకీనే ఊళ్లో వడ్రంగి దగ్గర, వెల్డింగ్ షాపులో బాగుచేయించడం కూడా నేరమే. రిపేరుకు లైసెన్స్ ఉన్నవాడి దగ్గరికే పోవాలి. పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చినా 2019 సవరణ తర్వాత రెండేళ్లదాకా జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. పొలం గట్టు మీద టెస్ట్ చేస్తానన్నా ఒప్పుకోరు. అనుమతి ఉన్న షూటింగ్ రేంజ్‌కే వెళ్లి ఆరు చాంబర్లూ ఒక్కొక్కసారైనా కాల్చి చూడండి.

తూటాలు పుణెలోని ఖడ్కీ సర్కారీ ఫ్యాక్టరీవి అయితే అడుగున కేఎఫ్ అని ఉంటుంది. పాత యజమాని ఫ్రీగా ఇస్తానన్న పాత తూటాలు తీసుకోకండి. అవి మీ లైసెన్స్ లెక్కలో ఉండవు, పైగా ఎప్పటివో తెలియదు. తూటాలకు నూనె రాయకండి. నూనె మెల్లగా ప్రైమర్‌లోకి పాకి మందును చంపేస్తుంది. రివాల్వర్‌ను నూనెలో ముంచి అందులో తూటాలు నింపి పెట్టేవాళ్లను చూశాను, అవసరం పడ్డ రోజు అవి టిక్కు టిక్కు అనడం తప్ప ఏమీ చేయవు.

తోలు పౌచ్‌లో పెట్టి బీరువాలో దాచడం మన దగ్గర అందరికీ ఉన్న చెడ్డ అలవాటు. తోలు చెమ్మ పీల్చుకుంటుంది, తోలు ఊనడానికి వాడిన మందులు కూడా లోహాన్ని తింటాయి. పౌచ్ బయటికి తీసుకెళ్లేటప్పుడే. ఇంట్లో అయితే ఖాళీ చేసి, పొడి చిందీ గుడ్డతో తుడిచి, పల్చగా గన్ ఆయిల్ రాసి, మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టండి. కొబ్బరి నూనె వద్దు, అది గడ్డకట్టి బంకలా అయిపోతుంది. మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు దాచుకుని అందులో పడేయండి. తూటాలు ఇంకో పెట్టెలో, ఇంకో తాళంతో ఉండాలి. పిల్లలున్న ఇంట్లో ఆ రెండు తాళం చెవులు ఒకే గుత్తికి ఉండకూడదు. మృగశిర కార్తె రాకముందు ఒకసారి, దసరాకు ఆయుధ పూజ చేసేటప్పుడు ఇంకోసారి బయటికి తీసి తుడిస్తే చాలు. పూజలో పెట్టే పసుపు కుంకుమ నేరుగా లోహానికి అద్దకండి, కాగితం మీద పెట్టి పక్కన ఉంచండి. ఒకవేళ అద్దితే అదే సాయంత్రం తుడిచేయండి, ఆ మచ్చల కిందే ముందుగా తుప్పు పుడుతుంది.